రంగు చూసి బీరుకు లెక్క కట్టకు

అల్లుడూ,

మ్యూనిక్‌లో ఉద్యోగంలో కుదురుకున్నావు, సంతోషం. శుక్రవారం సాయంత్రాలు ఆఫీసువాళ్లతో బీరు తోటలకు వెళ్తున్నానని, మెనూ కార్డు చూస్తే తల తిరుగుతోందని, అందుకే "నల్లవి స్ట్రాంగు, లేత రంగువి లైటు" అని ఒక లెక్క పెట్టుకుని ఎప్పుడూ లేతదే చెప్తున్నానని మొన్న ఫోన్లో అన్నావు. ఆ లెక్క మనవాళ్లందరి దగ్గరా ఉన్నదే. హైదరాబాదులో అడిగినా, డాలస్‌లో అడిగినా, నల్లటి బీరు కనబడగానే "అమ్మో, అది మనవల్ల కాదు" అనేవాళ్లే ఎక్కువ. ఉద్యోగమంతా మాల్టు బస్తాల మధ్యా, బీరు పులిసే ట్యాంకుల మధ్యా గడిపినవాణ్ని, ఈ ఒక్క విషయంలో నా మాట విను. ఆ లెక్క తప్పు. ఒక్కోసారి ప్రమాదం కూడా.

నిన్ను తాగమని చెప్పడానికి ఇది రాయడం లేదు. అసలు ముట్టుకోనంటే మీ అమ్మకంటే ముందు నేనే సంతోషిస్తాను. కానీ పెద్దవాడివయ్యావు, నీ సంపాదన నీది, నీ నిర్ణయం నీది. తాగితే ఏం తాగుతున్నావో తెలిసి తాగు, ఎంతవరకో తెలిసి ఆపు. అందుకు కావలసిన నాలుగు విషయాలు చెప్తాను.

ముందు అంకెలు చూడు. ఐర్లండు వాళ్ల గిన్నెస్ డ్రాఫ్ట్ కారునలుపు. దాంట్లో ఆల్కహాలు 4.2 శాతం. బెల్జియంలో మూర్ట్‌గాట్ వాళ్లు చేసే డ్యూవెల్ లేత బంగారు రంగు, చూడ్డానికి ఏ పాపం ఎరగని బీరు. దాంట్లో 8.5 శాతం, అంటే ఇంచుమించు రెట్టింపు. 568 మిల్లీలీటర్ల నిండు గ్లాసు గిన్నెస్ తాగితే ఒంట్లోకి వెళ్లే ఆల్కహాలు 19 గ్రాములు. 330 మిల్లీలీటర్ల చిన్న సీసా డ్యూవెల్ తాగితే 22 గ్రాములు. రంగును నమ్మినవాడు నల్లదాన్ని చూసి భయపడి, చిన్న సీసా దగ్గర మోసపోతాడు.

ఆ దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. యాంట్‌వర్ప్ దగ్గర వెస్ట్‌మాల్ అనే క్రైస్తవ మఠంలో సన్యాసుల పర్యవేక్షణలో బీరు కాస్తారు. వాళ్లు చేసే డుబ్బెల్ ముదురు గోధుమ రంగు, 7 శాతం. ట్రిపెల్ బంగారు రంగు, 9.5 శాతం. ఒకే మఠం, ఒకే నీళ్లు, లేత రంగుదే బలం. ట్రిపెల్‌లో మాల్టుతోపాటు తెల్లని చక్కెర వేస్తారు. ఈస్ట్ ఆ చక్కెరను పూర్తిగా తినేసి ఆల్కహాలు చేస్తుంది. దానివల్ల రంగూ రాదు, చిక్కదనమూ రాదు. గొంతులో తేలిగ్గా దిగుతుంది కాబట్టి బలం తెలియదు. మీ అత్తయ్య చేసే కొబ్బరి పచ్చడి నీకు తెలుసుగా, తెల్లగానే ఉంటుంది. అందులో నూరిన పచ్చిమిరపకాయల సంగతి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే తెలుస్తుంది. బీరు కూడా అంతే.

మరి రంగు ఎక్కణ్నుంచి వస్తుంది? గింజను వేయించడంలో వస్తుంది. బార్లీని నానబెట్టి, మొలక రానిచ్చి, మొలక ముదరకముందే వేడిగాలితో ఆరబెడతారు. అదే మాల్టు. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు పుడతాయి. తర్వాత ఆ మాల్టును మరపట్టి వేడినీళ్లలో కలిపితే ఆ ఎంజైములే పిండిని చక్కెరగా మారుస్తాయి. ఆ తియ్యటి నీళ్లను హాప్స్ అనే పువ్వులతో మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేస్తారు. ఈస్ట్ చక్కెరను తిని ఆల్కహాలునూ గ్యాసునూ వదులుతుంది. ఇంతే బీరు. మాల్టును ఆరబెట్టే చివరి దశలో 80, 85 డిగ్రీల దగ్గర ఆపేస్తే లేత రంగు. 100 దాటనిస్తే నువ్వున్న ఊరి పేరుతోనే పిలిచే మ్యూనిక్ మాల్టు, కాస్త ముదురు. డ్రమ్ములో వేసి 200 డిగ్రీలు దాటేదాకా వేయిస్తే నల్ల మాల్టు.

మా ల్యాబులో కొత్తగా చేరిన పిల్లలకు నేను మొదట ఇచ్చే పని గింజలు నమలడమే. మూడు రకాలూ అరచేతిలో పోసేవాణ్ని. లేత మాల్టు పంటికింద పటుక్కున విరుగుతుంది, నాలుగు సార్లు నమిలేసరికి నోరంతా తియ్యటి పిండి. మ్యూనిక్ మాల్టు కాస్త గట్టి, తీపి వెనకే బాగా కాలిన రొట్టె అంచు వాసన. నల్ల మాల్టు ముట్టుకుంటేనే వేళ్లకు మసి అంటుతుంది. నమిలితే బుగ్గిలా పొడైపోతుంది, నాలుక మీద కాఫీ చేదు నిలబడుతుంది, తీపి మచ్చుకైనా ఉండదు. అప్పుడు అడిగేవాణ్ని, "ఈ మూడింట్లో ఈస్ట్‌కు తిండి పెట్టేది ఏది?" అని. జవాబు నాలుకకే తెలిసిపోయేది. నల్ల గింజలో ఎంజైములు ఆ వేడికే చచ్చిపోయాయి, ఈస్ట్ తినగలిగే చక్కెరకు ఆధారమూ చాలావరకు కాలిపోయింది. అది రంగూ రుచీ ఇస్తుంది, ఆల్కహాలుకు అది చేసే సాయం చాలా తక్కువ.

అందుకే ఏ స్టౌట్ బీరులోనైనా నల్ల గింజ పదో వంతుకు అటూ ఇటూ. మిగతాది చాలావరకు లేత రంగు గింజే. కిక్కు ఇచ్చేది ఆ లేత గింజే. ఇంగ్లండులో డేనియల్ వీలర్ 1817లో మాల్టును డ్రమ్ములో వేయించే యంత్రానికి పేటెంటు తీసుకున్నప్పటినుంచి ఈ పద్ధతి స్థిరపడింది. అంతకుముందు లండన్ పోర్టర్‌కు గోధుమ రంగు మాల్టు బస్తాల కొద్దీ పోసేవాళ్లు. వీలర్ తర్వాత లేత మాల్టు మీద చారెడు నల్ల మాల్టు చల్లితే సరిపోయింది. ఖర్చు తగ్గింది, రంగు నిలిచింది.

రంగును కొలిచే పద్ధతి కూడా ఉంది. జోసెఫ్ లొవిబాండ్ అనే ఇంగ్లీషాయన పందొమ్మిదో శతాబ్దం చివర్లో రంగు గాజుపలకలతో బీరును పోల్చి కొలిచే పరికరం తయారుచేశాడు. ఇప్పుడు యూరపులో ఈబీసీ అనే అంకె వాడతారు. పిల్స్‌నర్‌కు పది లోపు ఉంటే, స్టౌట్‌కు అరవై, ఎనభై దాకా పోతుంది. ఆ అంకె ఎంత పెరిగినా ఆల్కహాలు శాతం దానివెంట నడవాలని ఎక్కడా లేదు. ఈసారి గిన్నెస్ గ్లాసు ఎవరి చేతిలోనైనా కనబడితే దీపం కాంతికి అడ్డంగా పట్టుకోమను. అంచుల్లో ముదురు కెంపు రంగు మెరుస్తుంది. నలుపు అనుకున్నది నలుపు కూడా కాదు.

రంగును పక్కన పెడితే దేన్ని చూడాలి? నాలుగు ప్రశ్నలు వేసుకో. ఏ ఈస్ట్? ఎంత చేదు? ఎంత చిక్కదనం? ఎంత ఆల్కహాలు?

మొదటిది ఈస్ట్. బీరులో రెండు పెద్ద కుటుంబాలున్నాయి, ఏల్, లాగర్. ఏల్ ఈస్ట్ 15 నుంచి 24 డిగ్రీల వెచ్చదనంలో తొందరగా పనిచేస్తుంది, పని చేస్తూ పండ్ల వాసనలు, మసాలా వాసనలు పుట్టిస్తుంది. లాగర్ ఈస్ట్ 7 నుంచి 13 డిగ్రీల చలిలో నెమ్మదిగా పులియబెడుతుంది. తర్వాత ఆ బీరును సున్నాకు దగ్గరి చలిలో వారాల తరబడి ఉంచుతారు. అందుకే అది శుభ్రంగా, నునుపుగా ఉంటుంది, గింజ రుచి, హాప్స్ రుచి మాత్రమే తెలుస్తాయి. బవేరియా డ్యూకు 1516లో ఇంగోల్‌స్టాట్‌లో ప్రకటించిన శాసనం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప మరేమీ వేయకూడదు. అందులో ఈస్ట్ మాటే లేదు. అదేం చేస్తుందో అప్పటికి ఎవరికీ తెలియదు మరి. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ 1883లో ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్ట్‌ను పెంచి చూపించాకే బీరు తయారీ అదృష్టం మీద ఆధారపడడం తగ్గింది. ఈ లాగర్ ఈస్ట్ రెండు జాతుల సంకరం. ఒకటి ఏల్ ఈస్టే. రెండోదాన్ని అర్జెంటీనాలో పటగోనియా అడవుల్లో గుర్తించినట్టు 2011లో ప్రకటించారు.

ఇప్పుడు నీ మెనూ కార్డు తీసుకో. హెలెస్ లేత బంగారు రంగు, డుంకెల్ గోధుమ రంగు, ష్వార్ట్స్‌బియర్ నలుపు. మూడూ లాగర్లే, మూడూ ఇంచుమించు 5 శాతమే. రంగు చూసి దూరం పెట్టిన డుంకెల్ నిజానికి నీ హెలెస్‌కు తోబుట్టువు. కొలోన్ నగరంలో దొరికే క్యోల్ష్ హెలెస్‌లాగే బంగారు రంగులో ఉంటుంది, కానీ అది ఏల్ ఈస్ట్‌తో పులిసినది. అక్కడికి రైల్లో అరగంట దూరంలోని డ్యుసెల్‌డార్ఫ్‌లో ఆల్ట్‌బియర్ రాగి రంగు, అదీ ఏల్ ఈస్ట్‌తోనే. లేతవన్నీ లాగర్లు కావు, ముదురువన్నీ ఏల్‌లు కావు.

ఈస్ట్ ఏం చేయగలదో తెలియాలంటే మీ ఊరి వైస్‌బియర్ చాలు. మాల్టులో సగానికి తగ్గకుండా గోధుమే ఉంటుంది. గియోర్గ్ ష్నైడర్ 1872లో ఆ గోధుమ బీరు కాచే హక్కు రాజు దగ్గర సంపాదించి, అంతరించిపోతున్న ఆ రకాన్ని మ్యూనిక్‌లోనే నిలబెట్టాడు. దాన్ని పోసేటప్పుడు గమనించు. పొడవాటి గ్లాసును చల్లటి నీళ్లతో కడిగి, బాగా వంచి, గోడ వెంబడి నిదానంగా పోస్తారు. సీసాలో రెండు వేళ్ల ఎత్తు మిగిలాక ఆపి, సీసాను గుండ్రంగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్ట్‌ను లేపి, ఆ మడ్డితో సహా పైన పోస్తారు. బీరు మబ్బుపడుతుంది, నురగ గ్లాసు అంచు దాటి లేస్తుంది. తాగేముందు ఒకసారి వాసన చూడు. పండిన అరటిపండు, దాని వెనకే లవంగం. అందులో పండూ వేయలేదు, లవంగమూ వేయలేదు. రెండూ ఈస్ట్ చేసినవే. ఏ రంగు చూసి కనిపెడతావు ఈ సంగతి?

బ్రస్సెల్స్ చుట్టుపక్కల చేసే లాంబిక్ ఇంకా వింత. దానికి ఎవరూ ఈస్ట్ వేయరు. మరిగించిన తియ్యటి మాల్టు నీళ్లను చలికాలం రాత్రి వెడల్పాటి లోతులేని తొట్టిలో మూత లేకుండా వదిలేస్తారు. గాలిలోవి, చుట్టూ ఉన్న కలపలోవి సూక్ష్మజీవులు చేరి, చెక్క పీపాల్లో ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు పులియబెడతాయి. రంగు మామూలు బంగారమే. నోట్లో పోసుకుంటే పుల్లదనానికి దవడలు పట్టేస్తాయి. మీ దగ్గర్నుంచి రైల్లో వెళ్లగలిగే బాంబెర్గ్‌లో బీచ్ కట్టెల పొగలో ఆరబెట్టిన మాల్టుతో చేసే రౌఖ్‌బియర్ ఉంది. గ్లాసు మూతి దగ్గరకు రాగానే పొగ వాసన గుప్పుమంటుంది. రంగు చూస్తే మామూలు గోధుమ రంగే.

రెండో ప్రశ్న చేదు. చేదు ముఖ్యంగా హాప్స్ నుంచి వస్తుంది. ఆ పువ్వుల్ని ముందే వేసి గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది. చివర్లో వేస్తే పువ్వుల వాసన, నిమ్మ తొక్క వాసన లాంటివి నిలుస్తాయి. చేదుకు కూడా ఐబీయూ అని ఒక కొలత ఉంది. 1842లో బొహీమియాలోని పిల్సెన్ ఊళ్లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా మనిషి అక్కడి మెత్తని నీళ్లు, ఆ ప్రాంతపు సాజ్ హాప్స్, లేత మాల్టు కలిపి కాచిన బీరే ఈనాటి పిల్స్‌నర్లన్నిటికీ మూలం. దాని చేదు 40 ప్రాంతంలో ఉంటుంది. ఆ లేత బీరుకు పోటీగా మ్యూనిక్‌లో ష్పాటెన్ వాళ్లు 1894లో హెలెస్ తెచ్చారు. దాని చేదు ఇంచుమించు సగం. రెండు గ్లాసులూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చూపుకు తెలియదు. ఒక్క గుక్కతో తెలిసిపోతుంది.

నీ ఆఫీసులో అమెరికా వాళ్లు ఐపీఏ గురించి చెప్తుంటారు. దానికి మన తీరాలతో నిజమైన చుట్టరికమే ఉంది. ఈస్టిండియా కంపెనీ రోజుల్లో లండన్ తూర్పున బో దగ్గర హాడ్జ్‌సన్ వాళ్ల బీరు ఓడలెక్కి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల్లో దిగేది. నెలల తరబడి సముద్రం మీద పాడుకాకుండా హాప్స్ ఎక్కువ వేసేవాళ్లు. ఆ పువ్వులు చేదు ఇవ్వడంతోపాటు బీరును చెడగొట్టే కొన్ని బాక్టీరియాను అడ్డుకుంటాయి. తర్వాత బర్టన్ ఊరివాళ్లు ఆ వ్యాపారం అందుకున్నారు. అక్కడి నీళ్లలో జిప్సం ఎక్కువ, దానివల్ల చేదు పదునుగా తేలుతుంది. ఇప్పటి అమెరికా ఐపీఏలు చాలావరకు 6, 7 శాతం ఉంటాయి. రంగు బంగారమే. లేతగా ఉందని రెండు చెప్పావంటే లెక్క తప్పుతావు.

మూడో ప్రశ్న చిక్కదనం. మాల్టు పిండిని నీళ్లలో కలిపి ఉంచే వేడిని బట్టి ఇది మారుతుంది. 63 డిగ్రీల దగ్గర ఉంచితే ఈస్ట్ తినగలిగే చక్కెరలు ఎక్కువ వస్తాయి, బీరు పలచగా, పొడిగా తయారవుతుంది. 70 దాటిస్తే ఈస్ట్ తినలేని చక్కెరలు మిగిలి బీరు నిండుగా, కాస్త తీపిగా ఉంటుంది. జర్మనీ లేబుళ్ల మీద స్టామ్‌వుర్త్సె అని ఒక అంకె కనబడుతుంది. పులియకముందు వంద గ్రాముల ద్రవంలో ఎన్ని గ్రాముల సారం ఉందో చెప్పే అంకె అది. చెక్ దేశంలో బీరును ఈ అంకెతోనే అడుగుతారు, పది, పన్నెండు అని. మీ మ్యూనిక్ హెలెస్‌కు 11, 12 ఉంటుంది. డొప్పెల్‌బాక్‌కు 18కి తగ్గకూడదు. పౌలానర్ వాళ్ల సాల్వటోర్ ఆ కోవలోదే, 7.9 శాతం. చేదు తక్కువ, మాల్టు తీపి ఎక్కువ, అందుకని బలం నాలుకకు చిక్కదు. డొప్పెల్‌బాక్‌లలో లేత రంగువి కూడా ఉన్నాయని గుర్తుంచుకో.

గిన్నెస్ బరువైన బీరని అందరూ అనుకోవడానికి కారణం దాంట్లోని నైట్రోజన్. కార్బన్ డయాక్సైడ్ బుడగలకంటే నైట్రోజన్ బుడగలు చాలా చిన్నవి. నురగ మెత్తగా నిలుస్తుంది, నోటికి చిక్కగా తోస్తుంది. నిజానికి దాని సారం తక్కువ, క్యాలరీలు కూడా మామూలు లాగర్‌కంటే కాస్త తక్కువే. కంటికి నలుపు, నోటికి నురగ, రెండూ కలిసి దానికి లేని బరువు అంటగట్టాయి.

నాలుగో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. ఆల్కహాలు ఎంత? లేబుల్ మీద శాతం ఉంటుంది. దాన్ని మిల్లీలీటర్లతో గుణించి, 0.8తో గుణించి, వందతో భాగించు. గ్రాములు వస్తాయి. అర లీటరు హెలెస్‌లో 20 గ్రాములు. అక్టోబర్‌ఫెస్ట్‌లో ఇచ్చే బీరు ఇప్పుడు లేత బంగారు రంగులో ఉంటుంది, బలం మాత్రం 6 శాతం పైచిలుకు. అక్కడ గ్లాసంటే లీటరు. ఒక్క గ్లాసుకు 48 గ్రాముల పైచిలుకు. తియ్యగా, నునుపుగా, గుటకలు గుటకలుగా దిగిపోతుంది. అక్కడ బెంచీల కింద పడేవాళ్లను పడేసేది ఆ లేత బీరే.

మన ఊళ్లో సంగతి కూడా చెప్పాలి. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా తాగేది స్ట్రాంగు బీరే, 8 శాతం దాకా ఉంటుంది. దాని రంగుకూ 5 శాతం మామూలు బీరు రంగుకూ తేడా వెతికినా దొరకదు. 8 శాతం బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 42 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. మన దేశపు విస్కీ 42.8 శాతం, 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాముల పైచిలుకు. అంటే ఒక్క స్ట్రాంగు బీరు రెండు పెద్ద పెగ్గులకు సమానం. "బీరే కదా, మందేం కాదుగా" అంటూ రెండు సీసాలు లాగించి బండెక్కేవాళ్లు నాలుగు పెద్ద పెగ్గులు తాగి బండెక్కినట్టే. సెలవులకు వచ్చినప్పుడు నీ స్నేహితులకు ఈ ఒక్క లెక్క చెప్పు, పుణ్యముంటుంది.

రంగు ఏమీ చెప్పదనడానికి చివరి సాక్ష్యం మీ ఊళ్లోనే ప్రతి దుకాణంలో ఉంది. ఆల్కొహోల్‌ఫ్రై వైస్‌బియర్ అదే మబ్బు బంగారు రంగు, అదే నురగ, అదే గ్లాసు. ఆల్కహాలు 0.5 శాతానికి మించదు. జర్మన్లు పరుగు పందేలు అయ్యాక అది తాగుతారు. అది అడిగితే అక్కడ ఎవరూ వింతగా చూడరు. మొహమాటపడకు.

ఈ తేడాలు చదివితే పట్టుబడవు, పక్కపక్కన పెట్టుకుని రుచి చూస్తే పట్టుబడతాయి. ఇద్దరు ముగ్గురు కలిసి, చిన్న గ్లాసుల్లో, ఒక సాయంత్రం ఒక్క జత చాలు. హెలెస్, డుంకెల్ జత పెడితే రంగు మారినా కుటుంబం మారదని తెలుస్తుంది. హెలెస్, పిల్స్‌నర్ జతలో రంగు ఒకటే అయినా చేదు వేరు. హెలెస్, క్యోల్ష్ జతలో ఈస్ట్ తేడా బయటపడుతుంది. మరీ మంచులా చల్లగా తాగకు, నాలుక మొద్దుబారి అన్నీ ఒకటే అనిపిస్తాయి. పిల్స్‌నర్ 6, 8 డిగ్రీల దగ్గర బాగుంటుంది. డొప్పెల్‌బాక్ పది దాటాకే నోరు విప్పుతుంది. కొనేటప్పుడు మాత్రం సీసా రంగు చూసుకో. పచ్చ సీసా, తెల్ల సీసా వెలుతురును ఆపవు. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి కంపు పుడుతుంది. ముదురు గోధుమ రంగు సీసా దాన్ని చాలావరకు అడ్డుకుంటుంది.

కొలోన్ వెళ్తే అక్కడి పద్ధతి ముందే తెలుసుకుని వెళ్లు. 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసు ఖాళీ అయితే చాలు, నువ్వు అడగకుండానే వడ్డించేవాడు ఇంకోటి పెట్టి, అట్టబిళ్ల మీద పెన్సిలుతో ఒక గీత గీస్తాడు. చాలనుకుంటే ఆ అట్టబిళ్లను గ్లాసు మీద మూతలా పెట్టాలి. అది చేయనంతసేపు గ్లాసులు వస్తూనే ఉంటాయి. ఎక్కడున్నా ఆ పని నీ చేతిలోనే ఉందని తెలుసుకో.

ఇక పెద్దవాడిగా నాలుగు మాటలు. ఖాళీ కడుపుతో తాగకు. గ్లాసుకు గ్లాసు మంచినీళ్లు తాగు. రోజూ తాగే అలవాటు చేసుకోకు. ఇంతవరకైతే ఆరోగ్యానికి భయం లేదు అనే హద్దు ఆల్కహాలుకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో తేల్చి చెప్పింది. బీరు ఒంటికి మంచిదని ఎవరు చెప్పినా నమ్మకు. జర్మనీలో కారు నడపడానికి రక్తంలో ఆల్కహాలు హద్దు కిలోకు 0.5 గ్రాములు. లైసెన్సు తీసుకుని రెండేళ్లు నిండనివాళ్లకు, 21 ఏళ్లలోపువాళ్లకు ఆ హద్దు సున్నా. అద్దెకు దొరికే ఎలక్ట్రిక్ స్కూటర్లకూ కారు రూలే. సైకిలు తొక్కినా 1.6 దాటితే నేరం. వీటన్నిటికీ నా దగ్గర ఒకటే రూలు. ఒక్క గుక్క తాగినా ఆ రాత్రి ట్రాము, మెట్రో, లేదా కాళ్లు. మన దగ్గరికి వచ్చినా ఇదే రూలు.

ఎవరైనా "ఇంకోటి తాగరా, ఇది లైటే" అంటే రంగు చూసి తలూపకు. సీసా తిప్పి శాతం చదువు, గ్లాసు ఎంతదో చూసుకో, గ్రాముల లెక్క వేసుకో. చాలనిపిస్తే చాలని చెప్పు. నీ మాట విన్నాక కూడా బలవంతపెట్టేవాడు స్నేహితుడు కాదు. వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు హెలెస్‌కూ డుంకెల్‌కూ తేడా ఏం కనిపెట్టావో చెప్పు. ఆల్కొహోల్‌ఫ్రైతో సరిపెట్టుకున్నానని చెప్పినా నాకు అంతే ఆనందం.

ఆశీస్సులతో,
మీ మామయ్య